మన పచ్చబొట్టు: కాలంతో మారిన అర్థాలు

ప్రతి జూన్‌లో హాస్టల్ తెరిచిన మొదటి వారం మేము అడ్మిషన్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చుంటాం. పేరు, తండ్రి పేరు, ఊరు, తెగ, ఆధార్ నంబరు రాశాక ఇంకో గడి ఉంటుంది. పుట్టుమచ్చలు. రెండు రాయాలి. రేపు పదో తరగతి మెమో మీద కూడా అవే వస్తాయి కాబట్టి పిల్ల చేతులు, మెడ, చెంపలు వెతికి మరీ రాస్తాం.

కొన్నేళ్ళ కింద ఒక తల్లి తన బిడ్డను ఐదో తరగతిలో చేర్పించడానికి వచ్చింది. మేము మచ్చలు వెతుకుతుంటే ఆమె తన ముంజెయ్యి తెచ్చి బల్ల మీద పెట్టింది. "మచ్చలెందుకు మేడం, గిది చూడుండ్రి. మా అవ్వకు గిదే ఉండె, నాకూ గిదే. దీనికి గూడ ఏపిస్తనంటే వద్దంటది. బడిల నవ్వుతరంట" అన్నది. ఆ చేతి మీద నిలువు గీతలు, వాటి చుట్టూ చుక్కలు, మణికట్టు దగ్గర ఒక తేలు. ఆ మాట వింటూనే పిల్ల తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, దాని చేతుల మీద ఏమీ లేకపోయినా.

ఒకే ఇంట్లో ముసలమ్మకు అది సొమ్ము, తల్లికి గుర్తింపు, పిల్లకు సిగ్గు. సావనీరుకు మన సంస్కృతి గురించి ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ బల్ల మీది చెయ్యే. అందుకే ఈసారి పండుగల గురించి కాకుండా పచ్చబొట్టు గురించి రాస్తున్నాం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో చాలామంది చేతుల మీద కూడా ఇప్పుడు టాటూలున్నాయి కాబట్టి ఇది మీ కథ కూడా.

మన వైపు, అంటే ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు, కెరమెరి ఊళ్ళలో, పచ్చ పొడిచే పని తోటి ఆడవాళ్ళది. తోటి మగవాళ్ళు కిక్రి వాయిస్తూ గోండుల వంశాల కథలు పాడేవారు. ఆ ఇంటి ఆడవాళ్ళు సూదులు పట్టుకుని ఊరూరా తిరిగేవారు. పంట ఇంటికొచ్చాక, చలి ఇంకా పోకముందు వాళ్ళు వచ్చేవారని మా పెద్దవాళ్ళు చెప్తారు. ఎండాకాలమైతే చెమటకు పుండు మానదు, వానాకాలమైతే చీము పడుతుంది. పైగా కూలి ఇవ్వడానికి ఇంట్లో జొన్నలుండాలి కదా.

ఆముదం దీపం మీద మట్టి మూకుడు బోర్లిస్తే అడుగున మసి పడుతుంది. దాన్ని గీకి ఆకు పసరుతోనో, పిల్లతల్లి చనుబాలతోనో కలిపేవారు. మూడు నాలుగు సూదులు కలిపి దారంతో కట్టి, మసిలో ముంచి పొడిచేవారు. అయ్యాక పసుపు, ఆముదం రాసేవారు. పిల్ల కదలకుండా ఇద్దరు పట్టుకునేవారు, ఒకరు కబుర్లు చెప్పేవారు. ఏడవకుండా ఉన్న పిల్ల గురించి ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పుకునేవారు. ఏడ్చిన పిల్ల గురించి ఇంకా ఎక్కువ నాళ్ళు చెప్పుకునేవారు లెండి.

సైన్సు పిల్లలు మమ్మల్ని ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతారు. మసి నల్లగా ఉంటే బొట్టు పచ్చగా ఎందుకుంటుంది? చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది. సూది దాని కింది పొర దాకా పోతుంది. అక్కడ పడ్డ మసి రేణువుల్ని మన ఒంట్లోని రక్షక కణాలు మింగుతాయి, కానీ అరిగించుకోలేవు. ఆ కణం చచ్చిపోతే ఆ రేణువుల్ని పక్క కణం మింగుతుంది. అట్లా అది అక్కడే ఉండిపోతుంది. దాన్ని మనం చర్మం లోంచి చూస్తాం కాబట్టి నలుపు కాస్త నీలంగా, ఆకుపచ్చగా కనబడుతుంది. మన భాషలో దానికి పచ్చబొట్టు అని పేరు పెట్టినవాళ్ళు కంటికి కనబడిన రంగునే రాసుకున్నారు.

ఇక అర్థం సంగతి. మేము అడిగిన ముసలివాళ్ళు దాదాపు అందరూ మొదట చెప్పింది ఒకటే. చచ్చిపోయినప్పుడు వెంట వచ్చే సొమ్ము ఇదొక్కటేనని. వెండి కడియం తీసేస్తారు, పూసల దండ తీసేస్తారు, పచ్చను ఎవరూ తియ్యలేరు. పైలోకంలో పెద్దలు దాన్ని చూసి మన పిల్లే అని గుర్తుపడతారు.

ఈ మాటను ఉత్త నమ్మకంగా కొట్టిపారెయ్యకుండా ఆ రోజుల్ని కూడా పక్కన పెట్టుకుని ఆలోచించండి. 1940ల్లో హైమన్‌డార్ఫ్ మన ప్రాంతానికి వచ్చేసరికి గోండుల భూములు వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి, బయటి నుంచి వచ్చిన పట్టాదారుల చేతుల్లోకి పోతున్నాయి. ఆయన పుస్తకాల నిండా ఆ లెక్కలే ఉన్నాయి. జొడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో ప్రాణం ఇచ్చింది కూడా ఆ భూమి కోసమే. అట్లాంటి రోజుల్లో ఇంట్లో ఉన్న వెండి ఎప్పుడు సావుకారు పెట్టెలోకి పోతుందో తెలియదు. తాకట్టు పెట్టలేని నగ ఒక్కటి ఉందంటే అది ఆడమనిషికి ఎంత ధైర్యమో మీరే ఊహించుకోండి. మా నానమ్మ ఒకసారి నవ్వుతూ, "సావుకారికి నా చెయ్యి కోసిస్తనా" అన్నది. ఆమె కడియాలు తాకట్టుకు పోయి మళ్ళీ ఇంటికి రాలేదు.

గుర్తులకు పేర్లుండేవి. తేలు, దువ్వెన, పొయ్యి, గింజలు, చెట్టు, పందిరి. ఒక్కో చోటుకు ఒక్కో గుర్తు. కాలి పిక్కకు పొడిపిస్తే నడకకు బలమని, మోచేతికి పొడిపిస్తే రోకలి పోటుకు నొప్పి రాదని అనేవారు. పచ్చ లేని చేత్తో వడ్డిస్తే అత్తగారు ముఖం చిట్లించేదని కూడా విన్నాం. ఇది మన జిల్లాకే సొంతమైన ఆచారం కాదు. మధ్య పరగణాల గోండుల గురించి రస్సెల్, హీరాలాల్ 1916లో అచ్చు వేసిన పుస్తకాల్లో పచ్చబొట్ల ప్రస్తావన ఉంది. బైగాల గురించి వెర్రియర్ ఎల్విన్ 1939లో రాసిన పుస్తకంలోనూ ఉంది. హిందీలో గోద్నా, మరాఠీలో గోందణ్ అంటారు. గోదావరికి అటూ ఇటూ, వింధ్య దాకా, అడవి ప్రాంతాల్లో ఆడవాళ్ళ చేతులు ఒకప్పుడు ఖాళీగా ఉండేవి కావు.

ఇప్పుడు చరిత్రలో ఒక చేదు ముక్క చెప్పాలి. మేము టీచర్ ట్రైనింగ్‌లో చదువుకున్న ఏ పుస్తకంలోనూ ఇది లేదు. చాలా ఆలస్యంగా తెలిసింది. 1797లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం బెంగాల్‌లో ఒక చట్టం చేసింది. జీవితాంతం శిక్ష పడ్డ ఖైదీల నుదుటి మీద వాళ్ళ పేరు, చేసిన నేరం, శిక్ష వేసిన తేదీ పచ్చ పొడిపించాలని. పారిపోయినా దొరికిపోవాలని ఆ ఏర్పాటు. కొన్నేళ్ళకే అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఆ శిక్షకు కంపెనీ కాగితాల్లో పెట్టిన పేరు ఏమిటో తెలుసా? గోద్నా. మన ఆడవాళ్ళ సింగారానికున్న పేరే. నుదుటి మీది ఆ రాత కనబడకుండా ఖైదీలు తలపాగా కనుబొమ్మల మీదికి లాగి కట్టుకునేవారట. 1849లో ఆ శిక్షను రద్దు చేశారు.

అప్పుడు ఆదిలాబాద్ నిజాం పాలనలో ఉంది కాబట్టి ఆ చట్టం మన మీద పని చెయ్యలేదు. కానీ ఒంటి మీది గుర్తును చూసి మనిషిని అనుమానించడం అనే అలవాటు చట్టంతో పాటు పోలేదు. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. కొన్ని కులాల్ని, తెగల్ని పుట్టుకతోనే దొంగలని రాసేశారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి దాన్ని వర్తింపజేశారు. ఆంధ్రలో ఎరుకల వాళ్ళు దానికింద నలిగిపోయారు. ఎరుకల ఆడవాళ్ళు సోది చెప్పేవారు, బుట్టలు అమ్మేవారు, ఊళ్ళలో పచ్చబొట్లు పొడిచేవారు. ఆ కాలపు పోలీసు అధికారులు రాసిన పుస్తకాలు చూస్తే, ఈ ఆడవాళ్ళు సోది పేరుతో ఇళ్ళలోకి వచ్చి ఆనుపానులు కనిపెట్టి పోతారని రాసి ఉంటుంది. ఊళ్ళో ప్రతి ఇల్లాలూ అరుగు మీద కూర్చోబెట్టి చెయ్యి చాపిన మనిషి, పోలీసు పుస్తకంలో అనుమానితురాలైంది. ఆమె చేసిన పని మారలేదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం కింద ఉన్న జాతులకు విముక్తి దొరికింది. పచ్చ పొడిచే మనుషుల మీద అనుమానం మాత్రం తర్వాత కూడా చాలా ఊళ్ళలో మిగిలింది.

మన వైపు పచ్చబొట్టుకు సిగ్గు తెచ్చింది పోలీసులు కాదు, బడి. ఇది రాయడానికి మాకు కష్టంగా ఉంది, ఎందుకంటే మేమూ బడి మనుషులమే. మార్లవాయిలో 1940ల్లో గోండు పిల్లల కోసం, గోండీ భాషలో మొదలైన చదువు మనకు ఎంత మేలు చేసిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ దారిలోనే మేమూ ఇక్కడి దాకా వచ్చాం. కానీ 1990ల్లో మేము చదువుకునేటప్పుడు పాఠ్యపుస్తకంలో ఆదిమానవుడి బొమ్మ వచ్చిన రోజు క్లాసు మొత్తం మా వైపు తిరిగి చూసేది. ఒక సారు, మా చేతుల మీది చుక్కలు చూపించి, "ఇవి నాగరికత రాకముందు గుర్తులు" అని పాఠంలో ఉదాహరణగా చెప్పాడు. ఆయన మనసులో చెడు ఉందని ఇప్పుడు కూడా అనుకోం. పాఠం బాగా అర్థం కావాలనే చెప్పి ఉంటాడు.

ట్రైనింగ్‌లో మేము నలుగురం గోండు ఆడపిల్లలం ఉండేవాళ్ళం. నలుగురికీ పచ్చ ఉంది. ముంజేతి మీద ఉన్నవాళ్ళం మే నెలలో కూడా నిండు చేతుల జాకెట్టు వేసుకునేవాళ్ళం. మణికట్టు మీద ఉన్న ఆమె వెడల్పాటి పట్టీ ఉన్న గడియారం కట్టుకునేది. అది చాలా రోజులు నడవనే లేదు, అయినా కట్టుకునేది. గడ్డం మీద మూడు చుక్కలున్న ఆమె పౌడరు డబ్బా ఎప్పుడూ సంచిలో ఉంచుకునేది. టీచింగ్ ప్రాక్టీసుకు బోర్డు వైపు తిరిగి చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరుగుతుందేమోనని ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో రాసేవాళ్ళం. ఆ భంగిమ మా సూపర్‌వైజర్‌కు వినయంలా కనబడి మార్కులు వేశారు.

వార్డెన్‌గా వచ్చాక మేము చేసిన పని కూడా చెప్పాలి. మొదటి నాలుగైదేళ్ళు తల్లిదండ్రుల సమావేశంలో పిల్లలకు పచ్చ పొడిపించొద్దని గట్టిగా చెప్పేవాళ్ళం. ఒకే సూది పది మందికి వాడితే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటివి వస్తాయని చెప్పేవాళ్ళం. అది నిజమే, ఇప్పటికీ అదే చెప్తాం. ఎక్కడ వేయించుకున్నా కొత్త సూది, కొత్త రంగు ఉండాలి. టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తదానానికి తీసుకోకపోవడం కూడా అందుకే. కానీ ఆ మాట చెప్పేటప్పుడు మా గొంతులో ఆరోగ్యం సగం, మా పాత సిగ్గు సగం ఉండేది. పిల్లలకు ఆ రెండో సగమే బాగా వినబడింది.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, తొమ్మిదేళ్ళ వయసులో నానమ్మ పొడిపించిన చేతి పచ్చను పోగొట్టుకోవడానికి జీడిపిక్క రసం రాసుకుంది. ఎవరో చెప్పారట, చర్మం ఊడి కొత్తది వస్తుందని. రాత్రి పది గంటలకు మాకు తెలిసేసరికి చెయ్యి కమిలిపోయి నీరు కారుతోంది. ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంచాల్సి వచ్చింది. పుండు మానాక మచ్చ పడింది, మచ్చ కింద పచ్చ అట్లాగే ఉంది. పిల్ల నానమ్మ చూడటానికి వచ్చి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మంచం పక్కన కూర్చుని ఆ కట్టు మీద చెయ్యి పెట్టి, "నొప్పి పుడుతుందని అప్పుడు గింతసేపు పాట పాడితిని గదనే" అన్నది. ఆ తర్వాత సమావేశాల్లో మేము సూది గురించే మాట్లాడాం, పచ్చ గురించి వద్దనలేదు.

గుర్తు అర్థం మారినప్పుడు దాని వెనక చెప్పే కథ కూడా మారుతుంది. ఇది మేము ఆలస్యంగా గమనించాం. పచ్చ ఎందుకు అని ముసలివాళ్ళను అడిగితే సింగారమనో, పైలోకంలో గుర్తనో చెప్పేవారు. మా వయసు వాళ్ళను అడిగితే ఇంకో కథ చెప్తారు. పూర్వం రాజులు, జాగీర్దార్లు, సైనికులు అందమైన ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవారు, అందుకని వికారంగా కనబడేట్టు పచ్చ పొడిచేవారని. ఒడిశాలో ముఖం నిండా గీతలు పొడిపించుకునే కోంద్ ఆడవాళ్ళ గురించీ ఇదే కథ చెప్తారు, అరుణాచల్ అపతానీల గురించీ ఇదే కథ. ఫోన్లో వచ్చే వీడియోలన్నీ దీన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నాయి.

ఎక్కడో ఎప్పుడో ఆ భయం నిజం కాదని మేము అనం. అడవి ఆడపిల్లకు బయటి మగవాడి భయం కొత్తది కాదు. కానీ మీరే ఆలోచించండి. పిక్క మీద దువ్వెన బొమ్మ పొడిస్తే మనిషి వికారంగా ఎట్లా అవుతుంది? వికారం కోసమైతే గీతలన్నీ అంత సమానంగా, చుక్కలన్నీ అంత లెక్కగా ఎందుకు? మాకు తోచింది ఇది. సిగ్గుపడటం మొదలైన తరానికి ఒక సాకు కావాల్సి వచ్చింది. మా అమ్మమ్మలు దీన్ని ఇష్టపడి వేయించుకున్నారు అని చెప్పడం కన్నా, పాపం ప్రాణభయంతో వేయించుకున్నారు అని చెప్పడం బయటివాళ్ళ ముందు తేలిక. వాళ్ళు జాలి పడతారు, నవ్వరు.

అపతానీల పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. మార్లవాయిలో పనిచేశాక హైమన్‌డార్ఫ్ 1944లో అక్కడికే వెళ్ళాడు. ఆ ఆడవాళ్ళకు నుదుటి నుంచి ముక్కు కొన దాకా ఒక గీత, గడ్డం మీద కొన్ని గీతలు, ముక్కు రెండు పక్కలా పెద్ద బిళ్ళలు ఉండేవి. 1970ల్లో చదువుకున్న అపతానీ యువత సంఘం పెట్టుకుని ఆ రెండూ ఆపించింది. చదువులకు, ఉద్యోగాలకు పట్నం పోతే నవ్వుతున్నారని వాళ్ళ బాధ. ఇప్పుడు ఆ గీతలున్నవాళ్ళు ముసలమ్మలే. వాళ్ళ ఫోటోల కోసం పర్యాటకులు దేశదేశాల నుంచి జీరో లోయకు వస్తున్నారు. ఏ మొహాన్ని చూసి నవ్వారో ఆ మొహమే ఇప్పుడు పోస్టర్ మీద ఉంది.

న్యూజిలాండ్‌లో కథ ఇంకోలా నడిచింది. మావోరీ ఆడవాళ్ళు గడ్డం మీద పొడిపించుకునే వంశపు గుర్తు ఒక దశలో బాగా తగ్గిపోయింది. తర్వాతి తరాలు దాన్ని మళ్ళీ పట్టుకున్నాయి. నానైయా మహుటా అనే మావోరీ పార్లమెంటు సభ్యురాలు 2016లో గడ్డం మీద ఆ గుర్తు వేయించుకుంది. 2020లో ఆ గుర్తుతోనే దేశ విదేశాంగ మంత్రి అయింది. మా తరగతి గదిలో ఆమె ఫోటో చూపించినప్పుడు పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక పిల్ల, "మా అమ్మమ్మకు కూడ గట్లనే ఉంటది టీచర్" అన్నది.

ఇక మన యువకుల సంగతికి వద్దాం. సూదిని కరెంటుతో నడిపే టాటూ మిషన్‌కు అమెరికాలో 1891లోనే పేటెంటు తీసుకున్నారు. మన కేస్లాపూర్‌కు అది రావడానికి ఇంకో వందేళ్ళు పైనే పట్టింది. ఇప్పుడు నాగోబా జాతరలో రంగులరాట్నం పక్కన, మిర్చిబజ్జీల బండి పక్కన టాటూ మిషన్లు గుయ్‌మంటున్నాయి. మగపిల్లలు భుజం మీద కుమ్రం భీం బొమ్మ, జల్ జంగల్ జమీన్ నినాదం వేయించుకుంటున్నారు. చూసి మాకు సంతోషమే. సిగ్గుతో దాచుకున్న మా చేతుల పక్కన, అంగీ చెయ్యి మడిచి చూపించే ఆ చేతులు చూస్తే గుండె నిండుతుంది. మా అమ్మల పచ్చ మాత్రం ఇంటి లోపలి మాట. మీ టాటూ నలుగురికీ చెప్పే మాట. రెండూ మసి చుక్కలే అయినా పని వేరు.

ఒక్క విషయంలో మాత్రం మాకు నవ్వు ఆగదు. హైదరాబాద్‌లో చదివే మా పాత విద్యార్థి ఒకడు చెయ్యి చుట్టూ నల్లటి కొక్కేలు, మంటల్లాంటి వంకర గీతలు వేయించుకుని వచ్చాడు. ఇదేమిటిరా అంటే, "ట్రైబల్ టాటూ మేడం" అన్నాడు. షాపులో ఆల్బమ్‌లో అట్లాగే రాసి ఉందట. ఆ గీతలు బోర్నియో, పాలినీషియా దీవుల తెగల గుర్తుల్ని చూసి పడమటి దేశాల టాటూ షాపులు తయారు చేసుకున్నవి. గోండు పిల్లవాడు డబ్బులిచ్చి, ఎవరో వేరే ఆదివాసుల గుర్తును, ఆదివాసీ గుర్తు అనుకుని వేయించుకున్నాడు. వాడి నానమ్మ రెండు చేతుల మీదా పన్నెండు గుర్తులున్నాయి. వాటిలో ఒక్కదాని పేరు కూడా వాడికి తెలియదు.

గుస్సాడీ కిరీటానికి కూడా ఇట్లాంటి ప్రయాణమే జరిగింది. దండారి రోజుల్లో దీక్ష పట్టి, ఒంటికి బూడిద పూసుకుని, స్నానం చెయ్యకుండా ఉండే గుస్సాడీని ఊళ్ళో దేవుడిలాగే చూస్తారు. 1980ల్లో మార్లవాయి కనక రాజు గారు ఆ ఆటను ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకుపోయారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆయన వల్ల నెమలి ఈకల కిరీటం మన తెగకే గుర్తయింది. అయితే దండారి కాని రోజుల్లో నాయకుల స్వాగతానికి కిరీటం పెట్టుకుని ఎండలో నిలబడమంటే పెద్దలు లోపల్లోపల గొణుక్కుంటారు. వాళ్ళ గొణుగుడు మాకు న్యాయంగానే అనిపిస్తుంది. దాని గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి.

పచ్చబొట్టు ఇప్పుడు గర్వమైంది కదా, కథ సుఖాంతం అనుకోకండి. యూనిఫాం ఉద్యోగాలకు సిద్ధమయ్యే పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల వైద్య పరీక్ష నిబంధనల్లో టాటూకు కొలతలున్నాయి. ముంజేతి లోపలి వైపు, అదీ సెల్యూట్ చెయ్యని ఎడమ చేతికి, లేదా అరచేతి వెనక ఉండొచ్చు. ఆ భాగంలో నాలుగో వంతు కన్నా చిన్నదై ఉండాలి. సైన్యం నిబంధనల్లో మాత్రం ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు, తెగ ఆచారం ప్రకారం వేసుకున్న పచ్చబొట్ల విషయంలో సడలింపు ఉంది. ఏ ఉద్యోగమైనా ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకుని, తెగ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి.

మా పిల్ల ఒకతికి ఇవేవీ తెలియవు, మాకూ అప్పుడు తెలియదు. పరుగులో మొదటి పది మందిలో వచ్చింది. వైద్య పరీక్షలో కుడి ముంజేతి మీది గుర్తు దగ్గర ఆగిపోయింది. తీయించుకుని మళ్ళీ రమ్మన్నారు. లేజర్‌కు నల్ల మసి తొందరగానే కరుగుతుందట, అయినా చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. ఆ ఏటి పత్తి డబ్బులు దానికే పోయాయి. ఉద్యోగం వచ్చింది. ఊరికి మొదటి యూనిఫాం ఆమెదే, ఊరంతా డప్పులతో ఎదురెళ్ళింది.

సెలవుకు వచ్చినప్పుడు హాస్టల్‌కు వచ్చి పిల్లలతో మాట్లాడింది. పిల్లలు అన్నీ అడిగారు, తుపాకీ బరువెంత, తిండి ఎట్లుంటుంది అని. ఒక పిల్ల, "అక్కా, పచ్చ తీసేసినందుకు బాధైందా" అని అడిగింది. ఆమె కుడి చెయ్యి తిప్పి చూసుకుంది. అక్కడ చర్మం కొద్దిగా తెల్లగా ఉంది. "బాధేమీ లేదు. అమ్మే తీయించుకొమ్మన్నది. కానీ అది ఏం గుర్తో అమ్మమ్మను అడుగుడు మర్చిపోయిన. గింజలా, చుక్కలా... ఇప్పుడు అమ్మమ్మ లేదు" అన్నది.

ఆ రోజు నుంచే మా హాస్టల్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయే పిల్లలు నానమ్మ, అమ్మమ్మ చేతుల మీది గుర్తు ఒక్కటి చూసి గీసుకుని రావాలి. కింద నాలుగు సంగతులు రాయాలి. గుర్తు పేరు, ఒంటి మీద ఎక్కడ ఉంది, ఏ వయసులో ఎవరు పొడిచారు, ఎందుకు పొడిపించుకున్నారు. మొదట్లో పిల్లలు హోంవర్క్ లాగా తెచ్చేవాళ్ళు. తర్వాత వాళ్ళలో వాళ్ళే పోటీ పడ్డారు. ఎందుకు అన్న చోట జవాబులు రకరకాలుగా వచ్చాయి. 'అందరూ ఏపించుకున్నరని', 'జబ్బు రాకుండా', 'మా అక్కకుంటే నాకూ కావాలని ఏడ్చిన'. ఒక ముసలమ్మ, "తోటి ఆమె ఆకలితో వచ్చింది, జొన్నలు ఊరికే ఇస్తే తీసుకోదు, అందుకని" అని చెప్పిందట. ఏ పుస్తకంలోనూ ఈ జవాబు మాకు కనబడలేదు.

లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గర హైమన్‌డార్ఫ్ తీసిన మన ఊళ్ళ ఫోటోలు వేలల్లో ఉన్నాయి. చాలావరకు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి మట్టిలోనే పక్కపక్కన ఉన్నారు, వాళ్ళ ఫోటోలు మాత్రం అక్కడ ఉన్నాయి. పిల్లలతో కలిసి కూర్చుని ఆ ఫోటోల్లో ఆడవాళ్ళ చేతుల్ని పెద్దవి చేసి చూశాం. మన నోట్‌బుక్‌లోని గీతల్లాంటివి అక్కడా కనబడితే పిల్లలు అరిచారు.

ఇప్పటికి నోట్‌బుక్‌లో 63 బొమ్మలున్నాయి. 41 గుర్తులకు పేర్లు దొరికాయి. కొన్నిటికి రెండేసి పేర్లున్నాయి, ఊరు మారితే పేరు మారింది. మిగిలిన వాటి కింద పేరు గీత ఖాళీగానే ఉంచాం. వాటిలో ఒకటి నిలువుగా మూడు గీతలు, రెండు పక్కలా ఐదేసి చుక్కలు, కింద అర్ధచంద్రంలా ఒక వంపు. కుడి ముంజేతి మీద ఉండేదట. ఆ యూనిఫాం పిల్ల గుర్తు తెచ్చుకుని తన చేత్తోనే గీసి ఇచ్చింది. మీ ఇంట్లో ఎవరి చేతి మీదైనా అట్లాంటిది ఉంటే, దాని పేరు అడిగి సంఘం ఆఫీసులో చెప్పండి. మేము వచ్చి రాసుకుంటాం.